మక్క అటుకుల చుడువా: దావత్ రోజు దాకా కరకరలాడాలంటే

ఇంటికి నలుగురొస్తే చాయ్ పక్కన ఏదో ఒకటి పెట్టాలి. ఇఫ్తార్ తర్వాత కూర్చునే బంధువులైనా, సంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దలైనా, ఈద్ రోజు ఈదీ కోసం వచ్చే పిల్లలైనా సరే, డబ్బాలో చుడువా ఉంటే సగం పని అయిపోయినట్టే. తెలంగాణలో చుడువా అంటాం, ఆంధ్రలో మిక్చర్ అంటారు, ఉర్దూలో చివ్‌డా. పేరు ఏదైనా అందరి ఫిర్యాదు ఒక్కటే. చేసిన రోజు కరకరలాడుతుంది, మూడో రోజుకు మెత్తబడుతుంది.

మా ఇంట్లో ఒక ఈద్‌కు ఇదే జరిగింది. చాంద్ రాత్‌కు రెండు రోజుల ముందే అమ్మీ కిలో చుడువా చేసింది. వేడి తగ్గకముందే నేను డబ్బాలో పోసి మూత బిగించేశాను. పండగ రోజు తీస్తే పంటి కింద సాగింది. పల్లీలు, జీడిపప్పు, నూనె ఖర్చంతా పోయింది. అమ్మీ వంటలో తప్పేం లేదు, నేను పెట్టిన మూతే కొంప ముంచింది. చుడువాకు అసలు శత్రువు తేమ. కింద చెప్పిన ప్రతి జాగ్రత్తా దాన్ని దూరం పెట్టడానికే.

ఏ అటుకులు కొనాలి?

మార్కెట్లో రెండు రకాలు దొరుకుతాయి. కిరాణా షాపులో విడిగా అమ్మే పచ్చి మక్క అటుకులు (మకై పోహా) గట్టిగా, పసుపుపచ్చగా ఉంటాయి. వీటిని నూనెలో వేస్తేనే పొంగుతాయి. పొద్దున పాలలో వేసుకునే కార్న్‌ఫ్లేక్స్ వేరు. అవి ముందే కాల్చినవి, వాటిని నూనెలో వేస్తే క్షణంలో మాడి, నూనె తాగేస్తాయి. కొనేటప్పుడే ఇది చూసుకోవాలి.

25 మందికి కావలసినవి

పచ్చి మక్క అటుకులు 500 గ్రాములు, పల్లీలు 200 గ్రాములు, పుట్నాలు 100 గ్రాములు, జీడిపప్పు, ఎండుకొబ్బరి ముక్కలు, కిస్మిస్ 50 గ్రాముల చొప్పున, కరివేపాకు నాలుగైదు రెమ్మలు, ఎండుమిర్చి ఆరు. మసాలాకు ఉప్పు 2 టీస్పూన్లు, కారం 2 టీస్పూన్లు, పంచదార పొడి 2 టీస్పూన్లు, ఆమ్‌చూర్ 1 టీస్పూన్, పసుపు అర టీస్పూన్. అన్నీ కలిపితే కిలోకు కాస్త ఎక్కువే వస్తుంది. మనిషికి 40 గ్రాములు వేసుకుంటే 25 మందికి సరిపోతుంది.

కరివేపాకు ముందు రోజే కడిగి, బట్ట మీద ఆరబెట్టండి. తడి ఉంటే నూనె చిట్లుతుంది, ఆ తడి చుడువాలోకి కూడా చేరుతుంది. పచ్చిమిర్చి వేసే అలవాటుంటే పూర్తిగా గలగలలాడేదాకా వేయించాలి. లేదంటే ఎండుమిర్చే మేలు. పల్లీల్లో ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరి పారేయండి. బూజు వల్ల వచ్చే విషం వేయించినా పూర్తిగా పోదు.

వేయించే వరుస

ముందుగా మసాలా పొడులన్నీ ఒక గిన్నెలో కలిపి పక్కన పెట్టుకోండి. నూనె కాగాక ఒక అటుకు వేసి చూడండి. రెండు మూడు సెకన్లలో పొంగి పైకి తేలితే వేడి సరిపోయినట్టు. అడుగునే ఉండిపోతే నూనె ఇంకా కాగలేదు, అప్పుడు వేస్తే అటుకులు గట్టిపడి నూనె పీలుస్తాయి. పొగ వస్తుంటే మంట తగ్గించండి.

అటుకులు ఒక్కో గుప్పెడే వేయాలి. ఒకేసారి ఎక్కువ వేస్తే నూనె చల్లబడి సగం పొంగవు. పొంగగానే చిల్లుల గరిటెతో తీసి, నూనె కారనిచ్చి, వెడల్పాటి పళ్ళెంలో వేసి, వెంటనే కొంచెం మసాలా చల్లండి. వేడి మీదే ఉప్పు, కారం పట్టుకుంటాయి. చల్లారాక చల్లితే అంతా డబ్బా అడుగుకు చేరుతుంది.

అటుకులు అయ్యాక మంట తగ్గించి పల్లీలు వేయించండి. రంగు తిరగడం మొదలవగానే తీసేయాలి, బయటికి తీశాక కూడా లోపలి వేడికి ఇంకా వేగుతాయి. తర్వాత జీడిపప్పు, కొబ్బరి ముక్కలు విడివిడిగా. పుట్నాలకు కొన్ని సెకన్లు చాలు. చివర్లో ఎండుమిర్చి, కరివేపాకు. కరివేపాకు చేత్తో నలిపితే పొడి కావాలి.

కిస్మిస్‌లో తేమ ఉంటుంది. రోజుల తరబడి డబ్బాలో ఉంటే ఆ తేమ అటుకులకు పడుతుంది. అందుకే దాన్ని వేరే పెట్టుకుని, వడ్డించే రోజు కలపడం మంచిది.

చల్లార్చడం, దాచడం

వేయించినవి న్యూస్‌పేపర్ మీద వేయడం మనకు అలవాటు. ఆ ఇంకు ఆహారంలోకి చేరుతుంది. ఆహారాన్ని న్యూస్‌పేపర్‌లో ఉంచకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే ఉంది. టిష్యూ గానీ శుభ్రమైన నూలు బట్ట గానీ వాడండి.

చుడువా పలుచగా పరిచి, చేయి పెడితే ఏమాత్రం వెచ్చగా తగలకుండా అయ్యేదాకా ఆగండి. వేడిగా మూత పెడితే ఆవిరి మూతకు తగిలి నీరై కిందికి దిగుతుంది. గాలి చొరబడని పొడి డబ్బాలో పోయండి, తీయడానికి తడి చెంచా వాడొద్దు. మెత్తబడితే పారేయకండి. కడాయిలో సన్నని మంట మీద నాలుగైదు నిమిషాలు కలుపుతూ వేడి చేసి చల్లారిస్తే చాలావరకు కరకర తిరిగొస్తుంది. ముక్క వాసన వస్తే మాత్రం నూనె పాడైనట్టే, ఇక తినకూడదు.

పచ్చి అటుకులు దొరక్కపోతే

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండే మనవాళ్ళు పాలలో వేసుకునే కార్న్‌ఫ్లేక్స్‌తోనే చేసుకోవచ్చు. ఉప్పు, చక్కెర తక్కువున్న ప్యాకెట్ చూసి తీసుకోండి. 250 గ్రాములకు మూడు టేబుల్ స్పూన్ల నూనె చాలు. నూనెలో పల్లీలు, కరివేపాకు వేయించి, మంట తగ్గించి పసుపు, కారం, ఉప్పు వేసి, వెంటనే కార్న్‌ఫ్లేక్స్ కలిపి ఐదు నిమిషాలు సన్నని మంట మీద తిప్పండి. అమెరికాలో విందులకు చేసే చెక్స్ మిక్స్‌దీ ఇదే సూత్రం. సీరియల్‌కు వెన్న, మసాలా పట్టించి సుమారు 120 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు, పావుగంటకోసారి కలుపుతూ ఆరబెడతారు.

వచ్చినవాళ్ళలో ఎవరున్నారో చూడండి

ఐదేళ్ళలోపు పిల్లలకు పల్లీలు, జీడిపప్పు గింజలుగా ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. దావత్‌లో పిల్లలు తమంతట తాము తీసుకుంటారు కాబట్టి పళ్ళెం వాళ్ళ చేతికి అందని చోట పెట్టండి. పల్లీలు పడనివాళ్ళు ఉంటే వాళ్ళకు మొదటే, కొత్త నూనెలో, వేరేగా వేయించాలి. అన్నీ కలిపాక పల్లీలు ఏరేస్తే సరిపోదు. బీపీ ఉన్న పెద్దవాళ్ళ కోసం కొంత భాగం ఉప్పు తగ్గించి తీసి పెట్టండి. షుగర్ ఉన్నవాళ్ళ వాటాలో పంచదార, కిస్మిస్ వద్దు. అయినా వాళ్ళు కొద్దిగానే తినాలి.

ఖర్చు లెక్క

ఇంట్లో చేస్తే చవకే అని అందరం అనుకుంటాం గానీ లెక్క వేసేది తక్కువ. సరుకుల ధరతో పాటు నూనె కూడా కొలవండి. కడాయిలో పోసింది ఎంత, చివరికి మిగిలింది ఎంత అని చూస్తే తేడా ఈ చుడువా ఖాతాలోదే. దానికి గ్యాస్ కలిపి, వచ్చిన చుడువా బరువుతో భాగిస్తే కిలో ఎంత పడిందో తెలుస్తుంది. జీడిపప్పు సగం చేసి పుట్నాలు పెంచితే ఖర్చు బాగా తగ్గుతుంది, రుచిలో పెద్దగా తేడా రాదు. మిగిలిన నూనె వడకట్టి ఒకటి రెండు రోజుల్లో కూరలకు వాడేయండి. నల్లబడినా, నురగ వస్తున్నా ఆశపడకుండా వదిలేయాలి.

పండగకు రెండు రోజుల ముందు చేస్తే చాలు. చేశాక అన్నిటికన్నా కష్టమైన పని చల్లారేదాకా ఆగడం. మా ఇంట్లో ఇప్పుడు మూత అమ్మీ దగ్గరే ఉంటుంది, నాకివ్వదు.