పాత కట్టడాల్లో సీసం పరీక్ష (గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్)

పాత ఇళ్లు, బడులు, కచేరీలు, కోటల రంగుపొరల్లోనూ దుమ్ములోనూ నీటిగొట్టాల్లోనూ సీసం ఎంత ఉందో తేల్చే పనిని సీసం పరీక్ష అంటారు. సీసం మెత్తని, బరువైన లోహం. ఆయుర్వేదంలో దీని పేరు నాగం. ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది, పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకైతే ప్రమాదం లేదని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటోంది. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఏర్పడిన ఈ మూడు జిల్లాల్లో గోడలకన్నా గడపలు, తలుపులు, కిటికీ చువ్వలే ఎక్కువ పరీక్షించదగినవి. ఇందుకు కారణం ఇక్కడి కట్టుబడి తీరులో ఉంది.

సంస్థానాల కాలం

గద్వాల కోటను పెద సోమభూపాలుడు (సోమనాద్రి) కట్టించాడు. జటప్రోలు సంస్థానాన్ని సురభి వంశీకులు కొల్లాపూర్ నుంచి ఏలారు. వనపర్తి మరో ప్రముఖ సంస్థానం. ఆనాటి కట్టడాలకు రాయి, గానుగ సున్నం, గచ్చు ఆధారం. ఊళ్లలో మట్టిమిద్దెలకు పండుగ ముందు సున్నం కొట్టేవారు, అరుగులకు ఎర్రమన్ను పూసేవారు, గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేవారు. సున్నానికి గానీ, కల్తీ లేని పసుపుకు గానీ సీసంతో పనిలేదు. ఆ విధంగా ఏటా సున్నం కొట్టే అలవాటు చౌకైనదే కాక ఆరోగ్యకరమైనది కూడా.

1949లో జాగీర్లు రద్దయ్యాక రాజభవనాలు కొన్ని చదువుల నిలయాలయ్యాయి. వనపర్తి రాజప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ వెలసింది. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట డిగ్రీ కళాశాల నడిచింది.

ఆయిల్ పెయింట్ రాక

రంగుల తయారీలో సీసాన్ని ముఖ్యంగా మూడు రూపాల్లో వాడారు: అవిసె నూనెలో కలిపే తెల్ల సీసం (సఫేదా), ఇనుము తుప్పు పట్టకుండా మొదటి పూతగా వేసే ఎర్ర సీసం, పసుపు, నారింజ రంగులకు లెడ్ క్రోమేట్. రంగు త్వరగా ఆరేందుకూ సీసం లవణాలు కలిపేవారు. ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో తలుపులకు, చువ్వలకు ఎనామిల్ (ఆయిల్ పెయింట్) పూయడం సాధారణమైంది. వారం వారం పసుపు రాసే శ్రమ తప్పుతుందని గడపకు పసుపు ఎనామిల్ వేసి, ఎర్రరంగుతో బొట్లు దిద్దే పద్ధతీ వచ్చింది. పాకే పిల్లలు పట్టుకుని లేచి నిలబడే చోటు కూడా ఆ గడపే.

నియమాల చరిత్ర

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో పిల్లలకు సోకిన సీసపు విషానికి వరండా కటకటాల రంగే మూలమని 1904లో డాక్టర్ లాక్‌హార్ట్ గిబ్సన్ తేల్చాడు. తెల్ల సీసంపై అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం 1921 నాటిది. అమెరికా 1978లో ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది.

భారతదేశంలో ఈ కథ ఆలస్యంగా మొదలైంది. బెంగళూరుకు చెందిన జార్జ్ ఫౌండేషన్ హైదరాబాదు సహా పలు నగరాల్లో రక్తపరీక్షలు జరిపి 1999లో ఫలితాలు ప్రకటించింది. పన్నెండేళ్లలోపు పిల్లల్లో సగానికి పైగా డెసిలీటరు రక్తంలో 10 మైక్రోగ్రాములు, ఆపై సీసం కనిపించింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మకానికి వచ్చింది. ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ 2007లో ఇళ్ల రంగులను పరీక్షించి, నీటితో కలిపే రంగుల్లో సీసం తక్కువగా, ఎనామిల్ రంగుల్లో ఎక్కువగా ఉందని చూపింది. ప్రశంసనీయమైన ఈ కృషి తరువాత, పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నియమాలను కేంద్రం 2016 నవంబరు 1న ప్రకటించింది. అప్పటికి ఈ జిల్లాలు ఏర్పడి మూడు వారాలే. నియమాలు 2017 నవంబరు 1న అమల్లోకి వచ్చాయి. పీవీసీ గొట్టాల్లోని సీసంపై నియమాలు 2021లో వెలువడ్డాయి. ఈ నియమాలు కొత్త సరుకుకే వర్తిస్తాయి. తలుపుపై అంతకుముందే పేరుకున్న పొరలు అలాగే ఉన్నాయి.

పరీక్షా పద్ధతులు

చేతిలో పట్టుకునే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ యంత్రం రంగు గీకకుండానే లోపలి పొరల్లోని సీసాన్ని చూపుతుంది. అమెరికాలో చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటే దాన్ని సీసం రంగుగా లెక్కిస్తారు. రోడిజోనేట్ అనే రసాయనం పూసిన దూదిపుల్ల సీసం తగిలితే ఎర్రబారుతుంది; ఎర్రరంగు మీద ఈ తేడా పోల్చుకోవడం కష్టం, పైగా అన్ని పొరలూ కనిపించేలా గాటు పెట్టాలి. దుమ్ము నమూనాను కిటికీ అంచుల నుంచి తడిగుడ్డతో తీస్తారు. నీటిని రాత్రంతా కుళాయి తిప్పకుండా ఉంచి, తెల్లవారాక మొదటి ధార నుంచి పడతారు. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 0.01 మిల్లీగ్రాము హద్దు.

ఇటీవలి కాలం

2020 డిసెంబరులో ఏలూరులో ప్రబలిన అంతుచిక్కని జబ్బులో బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ గుర్తించడంతో సీసం పేరు తెలుగు పత్రికలకెక్కింది. 2022 మార్చి 8న ‘మన ఊరు–మన బడి’ కార్యక్రమం వనపర్తిలో ప్రారంభమైంది. మరమ్మతులతో పాటు బడులకు రంగులు వేయడం అందులో ఒక భాగం. పాత రంగును పొడిగా ఎమ్రీ పేపరుతో రుద్దితే సీసపు ధూళి లేస్తుంది. అందుకే పెయింటర్లు లప్పం పెట్టేముందు పాత పొరను పరీక్షించడం, సీసం ఉంటే తడిపి గీకడం, రాలిన పెచ్చులను పిల్లలకు అందకుండా ఎత్తివేయడం సురక్షిత పద్ధతులు.