హెచ్, ఎన్ అనే రెండు అక్షరాల వెనుక కథ: 1941 నుంచి క్యాసనూర్ అడవి దాకా

హెచ్1ఎన్1 లో హెచ్ అంటే హీమాగ్లుటినిన్, ఎన్ అంటే న్యూరామినిడేజ్. ప్రిలిమ్స్‌కు చదివే ప్రతి ఒక్కరికీ ఇది కంఠతా వచ్చు. కానీ ఈ పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఏ గైడులోనూ కనిపించదు. మొదటిది ఒక టెస్టు వల్ల వచ్చింది. రెండోది ఆ టెస్టును పాడుచేస్తున్న పదార్థాల కోసం వెతికితే వచ్చింది. ఈ రెండో భాగమే ఎక్కువ ఆసక్తికరం, పైగా మన దేశ ఆరోగ్య చరిత్రతో దానికి నేరుగా సంబంధం ఉంది.

1941లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ప్రయోగశాలలో జార్జ్ హర్స్ట్ కోడిగుడ్డు పిండాల్లో ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను పెంచుతున్నాడు. గుడ్డులోంచి ద్రవం తీసేటప్పుడు రక్తనాళం తెగి కాస్త రక్తం కలిసింది. ఆ ఎర్ర రక్త కణాలు గుంపులుగా అతుక్కుపోయాయి. పాఠ్యపుస్తకాల భాషలో దీన్నే గుచ్ఛీకరణం అంటాం. అదే ఏడాది టొరంటోలో మెక్‌క్లెలండ్, హేర్ కూడా విడిగా ఇదే గమనించారు. వైరస్ ఉపరితలం మీది ప్రోటీన్ ఒకేసారి పక్కపక్క కణాలను పట్టుకుంటుంది. దాంతో కణాలు వలలా అల్లుకుని గొట్టం అడుగున పలుచని పొరగా పరుచుకుంటాయి. వైరస్ లేకపోతే చిన్న గుండీలా ఒకచోట కూర్చుంటాయి. మైక్రోస్కోపు కూడా అక్కర్లేదు, కంటితోనే తేడా తెలుస్తుంది.

దీన్ని తిరగేస్తే ఇంకా పనికొస్తుంది. రోగి సీరంలో ఆ వైరస్‌కు యాంటీబాడీలు ఉంటే అవి వైరస్‌ను కప్పేస్తాయి, కణాలు గుంపుకట్టవు. సీరంను 10 రెట్లు, 20 రెట్లు, 40 రెట్లు అని పలుచన చేస్తూ పోయి, ఎక్కడి దాకా గుంపుకట్టడం ఆగిందో చూస్తే యాంటీబాడీ ఎంత ఉందో లెక్క తేలుతుంది. హీమాగ్లుటినేషన్ ఇన్‌హిబిషన్ టెస్టు, అంటే హెచ్ఐ టెస్టు ఇదే. చౌకైనది, త్వరగా అయిపోతుంది, ఎలుకలను బలి ఇవ్వక్కర్లేదు.

చిక్కేమిటంటే, ఆ జబ్బు ఎన్నడూ రాని మనిషి సీరం కూడా కొన్నిసార్లు గుంపుకట్టడాన్ని ఆపేస్తుంది. గొట్టంలో చూస్తే అచ్చం యాంటీబాడీ ఉన్నట్టే ఉంటుంది. 1947లో థామస్ ఫ్రాన్సిస్ ఒక వింత చూపించాడు. వేడిచేసిన వైరస్‌ను మామూలు సీరం గట్టిగా అడ్డుకుంటుంది, వేడిచేయని వైరస్‌ను అంతగా అడ్డుకోదు. గుడ్డు తెల్లసొన, జీవుల శరీరంలోని జిగురు పదార్థాలు కూడా ఇదే పని చేస్తాయని ఆ రోజుల్లోనే తేలింది.

సమాధానం మెల్‌బోర్న్‌లో దొరికింది. వాల్టర్ అండ్ ఎలీజా హాల్ ఇన్‌స్టిట్యూట్‌లో మెక్‌ఫార్లేన్ బర్నెట్ బృందం 1946-47లో ఒక ఎంజైమును గుర్తించింది. ఎర్ర కణాలను దానితో శుద్ధి చేస్తే ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఇక వాటిని పట్టుకోలేదు. అందుకే దానికి రిసెప్టార్ డిస్ట్రాయింగ్ ఎంజైమ్, క్లుప్తంగా ఆర్‌డీఈ అని పేరు పెట్టారు. అది దొరికింది కలరా బాక్టీరియాను పెంచి వడగట్టిన ద్రవంలో. సీరంలోని అడ్డుతగిలే పదార్థాలు కూడా ఈ ఎంజైముకు లొంగిపోయాయి. అంటే ఎర్ర కణం మీద వైరస్ పట్టుకునే కొక్కెం, సీరంలోని ఆ పదార్థాల మీది కొక్కెం ఒకటేనన్నమాట. వైరస్ కణమనుకుని సీరం ప్రోటీన్‌ను పట్టుకుంటోంది.

ఇక్కడ చిన్న పక్కదారి. అదే బాక్టీరియా వడగట్టిన ద్రవంలో కలరా విషం ఉందని కలకత్తాలో శంభునాథ్ డే 1959లో కుందేలు పేగు ప్రయోగంతో నిరూపించాడు. సైన్స్ అండ్ టెక్నాలజీలో భారతీయుల విజయాల గురించి రాసేటప్పుడు రామన్, బోస్‌ల దగ్గరే ఆగిపోతాం. డే పేరు రాసిన కాపీ నాకు ఇంతవరకు కనబడలేదు.

ఆ కొక్కెం సియాలిక్ ఆమ్లం అనే చక్కెర లాంటి అణువు. గున్నార్ బ్లిక్స్ దాన్ని లాలాజలపు జిగురులోంచి తీశాడు, ఎర్నెస్ట్ క్లెంక్ మెదడు కణజాలంలోంచి తీసి న్యూరామినిక్ ఆమ్లం అన్నాడు. మెల్‌బోర్న్‌లోనే పనిచేస్తున్న ఆల్‌ఫ్రెడ్ గాట్‌షాక్, దాన్ని కత్తిరించే ఎంజైముకు 1957లో న్యూరామినిడేజ్ అని పేరు సూచించాడు. ఫ్లూ వైరస్‌కు నరాలతో పనేమిటని సందేహం వచ్చినవాళ్లకు జవాబు ఇదే. వైరస్‌కు సొంతంగా ఈ ఎంజైము ఉంటుంది. వేడిచేస్తే అది చచ్చిపోతుంది, పట్టుకునే ప్రోటీన్ మిగులుతుంది. ఇక సీరం ప్రోటీన్‌ను పట్టుకున్న వైరస్ విడిపించుకోలేదు. ఫ్రాన్సిస్ చూసిన వింత ఇలా విడిపోయింది. తర్వాత ఈ ఎంజైమును అడ్డుకునే మందులు వచ్చాయి. ఒసెల్టామివిర్ వాటిలో ఒకటి, దాని తయారీకి హైదరాబాద్‌కు చెందిన హెటెరో 2005లో రోష్ నుంచి లైసెన్స్ తీసుకుంది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1957 మే నెలలో ఆసియా ఫ్లూ ఓడ మీద మద్రాసు రేవుకు చేరింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి లోపు దేశంలో 44 లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి. ఆ వైరస్ రకాల్లో కొన్ని మామూలు సీరంలోని అడ్డుపదార్థాలకు చాలా తేలిగ్గా లొంగేవి. సీరంను శుద్ధి చేయకుండా పరీక్షిస్తే ఈ వైరస్ మీద జనానికి ముందే రక్షణ ఉందని తప్పుడు జవాబు వస్తుంది. నెదర్లాండ్స్‌లో 70 దాటిన వృద్ధుల రక్తంలో ఆసియా ఫ్లూకు యాంటీబాడీలు కనిపించాయని, 19వ శతాబ్దం చివర్లో ఇలాంటి వైరసే తిరిగి ఉండవచ్చని అప్పట్లో వాదించారు. అలాంటి వాదన నిలబడాలంటే గొట్టంలో కణాలను ఆపింది యాంటీబాడీనే అని ముందు తేలాలి. ఆర్‌డీఈ కూడా సర్వరోగ నివారిణి కాదు. గుర్రం సీరంలోని ఒక అడ్డుపదార్థం దానికి లొంగదు. అక్కడి సియాలిక్ ఆమ్లం రూపం కాస్త వేరని తర్వాత తెలిసింది.

అదే 1957లో, ఫ్లూ మద్రాసు చేరడానికి రెండు నెలల ముందు, అప్పటి మైసూరు రాష్ట్రం షిమోగా జిల్లాలోని క్యాసనూర్ అడవిలో కోతులు చనిపోతున్నాయి, ఊళ్లలో జనానికి జ్వరాలు వస్తున్నాయి. దక్షిణ అమెరికా అడవుల్లో కోతుల చావు ఎల్లో ఫీవర్‌కు గుర్తు. భారత్‌లో ఎల్లో ఫీవర్ లేదు, దాన్ని మోసే దోమ మాత్రం ఉంది. వచ్చిందంటే ఎంత అనర్థమో ఊహించుకోండి. 1952లో ఐసీఎంఆర్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కలిసి పుణెలో పెట్టిన వైరస్ రీసెర్చ్ సెంటర్‌కు, అంటే నేటి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీకి, ఇది పెద్ద పరీక్ష. అక్కడి టెల్‌ఫోర్డ్ వర్క్, హెరాల్డ్ ట్రాపిడో చేసిన పరిశోధనలో తేలింది ఎల్లో ఫీవర్ కాదు. రష్యాలో పిడుదుల వల్ల వచ్చే మెదడువాపు వైరస్‌లకు దగ్గరి చుట్టం. ఇక్కడా మోసేది పిడుదే.

ఈ కుటుంబపు వైరస్‌లతో హెచ్ఐ టెస్టు చేయాలంటే ఆర్‌డీఈ చాలదు. ఇక్కడ సీరంలో అడ్డుపడేవి ఎక్కువగా కొవ్వు పదార్థాలు. పైగా పరీక్షకు కావలసిన వైరస్‌ను పసి ఎలుకల మెదడులో పెంచేవారు. ఆ మెదడులోని కొవ్వే వైరస్‌ను కప్పేసి కణాలను పట్టుకోనివ్వదు. అంటే రక్తం ఒకవైపు, కణజాలం మరోవైపు అడ్డం. డెలఫీన్ క్లార్క్, జోర్డి కాసల్స్ 1958లో పద్ధతిని ఖాయం చేశారు. మెదడు ముద్దలోని కొవ్వును అసిటోన్‌తో తీసేయాలి. సీరంను అసిటోన్‌తో గానీ కయోలిన్ అనే తెల్లమట్టితో గానీ శుద్ధి చేయాలి. ఆమ్లత్వం సరిగ్గా కుదిరితేనే వైరస్ కణాలను పట్టుకుంటుంది. వాడేది బాతు జాతి గూస్ పక్షి కణాలు. మన సీరంలో ఆ కణాలను సహజంగానే అతికించే పదార్థాలుంటాయి కనుక ముందుగా వాటినీ తీసేయాలి. ఇంత తతంగం ఉన్నా, వేలకొద్దీ సీరంలతో సర్వే చేయడానికి ఎలుకల మీద చేసే న్యూట్రలైజేషన్ టెస్టు కంటే ఇదే సులువు.

శుద్ధి చేసినా ఒక ఇబ్బంది మిగిలింది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్, వెస్ట్ నైల్, డెంగీ ఒకే కుటుంబం కావడంతో ఒకదాని యాంటీబాడీ మరోదాన్ని కూడా ఆపుతుంది. ఒకే మనిషికి రెండు మూడు సోకే దేశంలో ఏది ఎప్పుడు వచ్చిందో హెచ్ఐ ఒక్కటే చెప్పలేదు. అందుకే రోగ నిర్ధారణలో ఐజీఎం ఎలీసా ముందుకొచ్చింది. పుణె సంస్థ తయారుచేసే డెంగీ, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ కిట్లే జాతీయ కార్యక్రమం కింద సెంటినల్ ఆసుపత్రులకు వెళుతున్నాయి. ఫ్లూ ప్రయోగశాలల్లో మాత్రం హెచ్ఐ ఇంకా నడుస్తోంది. సీరంను రాత్రంతా 37 డిగ్రీల వద్ద ఆర్‌డీఈలో ఉంచి, పొద్దున 56 డిగ్రీల వద్ద అరగంట వేడిచేశాకే గొట్టాల్లో పోస్తారు.