ఛాయాగ్రహణం: ఒక మాట, రెండు విద్యలు

ఫొటో తీయడానికీ, సినిమా కెమెరా పట్టడానికీ ఇంగ్లీషులో వేర్వేరు మాటలున్నాయి. మన సినిమా టైటిళ్లలో కనిపించే 'ఛాయాగ్రహణం' మాత్రం రెండింటికీ సరిపోతుంది. ఛాయ అంటే నీడ. మేనిఛాయ అన్నప్పుడు రంగు. సంస్కృతంలో కాంతి అనే అర్థమూ ఉంది. వెలుగునీడలను పట్టడం ముందు, కదలిక తరువాత అన్న క్రమం ఈ మాటలోనే ఇమిడి ఉంది.

పీణ్య పరిసరాల తెలుగు యువకులు కొందరు పెళ్లి వీడియోలతో ఈ వృత్తిలోకి వస్తున్నారు. ఫొటోగ్రఫీ నేర్చుకోవడం కాలయాపన అనుకునేవారికి బెంగుళూరు చరిత్రే సమాధానం చెబుతుంది.

ఈ నగరంలోని శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్‌లో చదివి 1946లో సినిమాటోగ్రఫీ డిప్లొమా పొందినవారు మైసూరుకు చెందిన వి.కె. మూర్తి. 'కాగజ్ కే ఫూల్' (1959)లో స్టూడియో చీకటిని చీల్చే కాంతిపుంజాన్ని ఆయన అద్దాలతో ఎండను మళ్లించి సాధించారు. వెలుగు సరళరేఖలో పోతుందన్నది ఫొటోగ్రఫీలో తొలి పాఠం. 2008 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారంతో ఆ గౌరవం పొందిన తొలి ఛాయాగ్రాహకుడయ్యారు. అదే పాలిటెక్నిక్‌లో 1962లో చదువు ముగించిన గోవింద్ నిహలానీ మూర్తి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. 1988లో దూరదర్శన్ ప్రసారం చేసిన 'తమస్'కు దర్శకత్వం వహించారు. ఆ విధంగా ఒకే పునాది సినిమాకూ, టెలివిజన్‌కూ పనికివచ్చింది. పీణ్య దాటాక తుముకూరు రోడ్డు నుంచి చీలే దారిలో, హెసరఘట్టలో, తరువాతి కాలంలో ప్రభుత్వ చలనచిత్ర, టెలివిజన్ సంస్థ వెలసింది.

తెలుగు తెరకు వెన్నెల తెచ్చిన మార్కస్ బార్‌ట్‌లీ ఆంగ్లో-ఇండియన్. పత్రికా ఫొటోగ్రాఫరుగా మొదలై, వార్తాచిత్రాలు తీసి, 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) చిత్రాలకు పనిచేశారు. నలుపు తెలుపు ఫిల్ము మీద వెన్నెల అంటే ఏ భాగాన్ని ఎంత చీకటిలో ఉంచాలో తెలియడమే. అది ఎక్స్‌పోజరు లెక్క.

ఈ లెక్క నేటి డిజిటల్ కెమెరాకూ వర్తిస్తుంది. ఫొటోలో కదిలే వస్తువును నిలిపివేయడానికి షట్టరును సెకనులో 500వ వంతుకు పెట్టవచ్చు. వీడియోలో అలా పెడితే కదలిక తునకలుగా కనిపిస్తుంది. సెకనుకు 25 ఫ్రేములు తీసేటప్పుడు 50వ వంతు అనువైనది. పీణ్య కార్ఖానా షెడ్డులో పాత ట్యూబులైట్ల కింద దీనికి మరో ప్రయోజనం ఉంది. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కనుక ఆ వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. 50వ వంతులో సరిగ్గా రెండు హెచ్చుతగ్గులు ఇముడుతాయి, బొమ్మ మినుకుమనదు. షట్టరు అలా స్థిరపడ్డాక వెలుగు హెచ్చితే అపర్చరునో, ఫిల్టరునో ఆశ్రయించాలి. ఇది తెలియనివాడు కెమెరా ఎంత ఖరీదైనదైనా దాని ఆటోమేటిక్ మీటకు బందీ.

మూర్తి మైసూరు నుంచి హిందీ చిత్రాలకు వెళ్లారు. బార్‌ట్‌లీ మరో సమాజం నుంచి తెలుగు చిత్రాలకు వచ్చారు. వారిని చేర్చుకున్నది విద్యే. సొంత ప్రాంతానికి దూరంగా ఉన్న మన విద్యార్థులు దీనిని గమనించాలి. ముందు ఒక నిశ్చల చిత్రాన్ని వెలుగెరిగి తీయడం నేర్చుకోవాలని మా సూచన.