బొమ్మ కింద పేరు

ఈ ఏడు ఆశ్రమ పాఠశాలలో నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో జంతువుల అచ్చుబొమ్మలు వేయించాం. మొదట వాళ్లకు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ కథ చెప్పాం. ఆయన ఎవరని అడిగారు. మనవాడే అన్నాం.

మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌లో పుట్టిన పర్ధాన్ ఆయన. మన ఆదిలాబాద్ గూడేల్లో కిక్రి వాయిస్తూ పెద్దల కథలు పాడే పర్ధాన్లకు నర్మద వైపు చుట్టం అన్నమాట. పాటల్లో ఉన్న దేవుళ్లను, జంతువులను ఇంటి గోడ మీదికి తెచ్చాడు. భోపాల్‌లో 1982లో తెరిచిన భారత్ భవన్ కోసం జె. స్వామినాథన్ పంపిన బృందం ఆ గోడను చూసి ఆయన్ని వెంట తీసుకెళ్లింది. అక్కడ పని దొరికింది అచ్చుబొమ్మల విభాగంలో. ఈ సంగతి తక్కువమంది చెబుతారు. మనకైతే అసలు సంగతి ఇదే.

గోడ మీది బొమ్మ మళ్లీ అలికితే పోతుంది. మన అవ్వలు వేసినవాటి కింద ఎవరి పేరూ లేదు. అచ్చుబొమ్మ అలా కాదు. ఒక్క జింక ఎన్నో కాగితాల మీదికి వస్తుంది, ప్రతిదాని కింద పెన్సిల్‌తో అంకె, సంతకం ఉంటాయి. ఆ సంతకంతోనే జన్‌గఢ్ 1989లో పారిస్ ప్రదర్శన దాకా చేరాడు. 2001లో జపాన్‌లో బొమ్మలు వేయడానికి వెళ్లి అక్కడే చనిపోయాడు. ఇవాళ గోండ్ డిజైన్ అని చీరలు, కప్పులు అమ్ముతున్నారు. చాలావాటి మీద వేసినవాళ్ల పేరుండదు.

అచ్చు మనకు కొత్త కాదు. 1943లో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో పంతుళ్ల శిక్షణ మొదలుపెట్టాక మన పిల్లలకు గోండీ వాచకాలు వచ్చాయి. అప్పుడు అక్షరాలు, ఇప్పుడు బొమ్మలు.

లినోలియం కొనే డబ్బు లేదు. పాత సైకిల్ ట్యూబు కత్తిరించి చెక్కపలకకు అంటించాం, స్పాంజితో రంగు అద్దాం, కాగితం పరిచి చెంచా వెనకవైపుతో రుద్దాం. మొదట అందరూ సింహమే వేశారు. మన అడవిలో సింహం ఎక్కడుందిరా అంటే నవ్వారు. తర్వాత నెమలి, ఎలుగుబంటి, ఉడుము వచ్చాయి. ఉడుము వేసిన పిల్ల పలక మీదే తన పేరూ అంటించింది. కాగితం ఎత్తితే అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి! ఏడుపు ముఖం పెట్టింది. పేరు ఊడదీసి అద్దంలో కనిపించేలా మళ్లీ అంటించడానికి పూట పట్టింది. ఉడుము మాత్రం ఎటు తిరిగినా ఉడుమే.

ఆ పలకలు సంఘం గదిలో ఉన్నాయి. దండారికి ఊళ్లకు వచ్చే యువత అడిగి తీసుకెళ్లవచ్చు, పిల్లల పేర్లు చెరపకుండా.