ఏపీఐ క్రెడిట్లు మిగిలిపోయాయా? ‘షేర్ చేస్తే డబ్బులు’ ఆఫర్ల వెనక ఏముంది?

అమీర్‌పేటలో ఏఐ కోర్సు చేస్తున్న ఒక విద్యార్థి ప్రాజెక్టు కోసం 20 డాలర్ల ఏపీఐ క్రెడిట్లు కొన్నాడనుకుందాం. ప్రాజెక్టు 6 డాలర్లతోనే అయిపోయింది. ఇంకా 14 డాలర్లు ఖాతాలోనే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే టెలిగ్రామ్‌లో ఒక మెసేజ్ వచ్చింది. ‘వాడని క్రెడిట్లు మాతో షేర్ చేయండి. సగం ధర వెంటనే యూపీఐలో వేస్తాం’ అని.

ఎలాగూ వృథా అయ్యే డబ్బే కదా, సగమైనా వస్తే చాలనిపిస్తుంది. అయితే ఇక్కడ చేతులు మారేది క్రెడిట్ కాదు, మీ పేరుతో ఉన్న తాళంచెవి. ఈ తేడా తెలియకే చాలామంది ఇబ్బందుల్లో పడతారు.

ఏపీఐ క్రెడిట్ అంటే ఏంటి?

చాట్‌జీపీటీ లాంటి యాప్‌లో మనం నేరుగా ప్రశ్న అడుగుతాం. అదే పని మన సొంత యాప్ లేదా వెబ్‌సైట్ చేయాలంటే, అది ఆ కంపెనీ సర్వర్‌తో మాట్లాడే దారే ఏపీఐ. వాడకాన్ని టోకెన్లలో లెక్కగడతారు. ఓపెన్ఏఐ, ఆంత్రోపిక్ లాంటి కంపెనీలు దీనికి ముందుగానే డబ్బు కట్టించుకుంటాయి. ఆ నిల్వనే క్రెడిట్ అంటారు. ఎవరి ఖాతా నుంచి ఖర్చు రాయాలో చెప్పే పొడవాటి రహస్య కోడ్ పేరు ఏపీఐ కీ.

ఈ రెండు కంపెనీల్లోనూ కొన్న క్రెడిట్లకు గడువు ఏడాది. ఆలోపు వాడకపోతే పోయినట్టే. వాపసు ఇవ్వరు. విదేశీ ఆన్‌లైన్ సేవలపై 18 శాతం జీఎస్టీ, కార్డుపై బ్యాంకు వేసే ఫారెక్స్ చార్జీ కూడా కలుస్తాయి కాబట్టి మిగిలిన క్రెడిట్‌ను చూస్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది.

‘షేరింగ్’ ఎలా జరుగుతుంది?

క్రెడిట్‌ను ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు యూపీఐలో పంపినట్టు పంపడం కుదరదు. అందుకే ఈ ఆఫర్లు ఇచ్చేవాళ్లు కీ అడుగుతారు. కొందరైతే లాగిన్ వివరాలే అడుగుతారు. ఇలా పోగుచేసిన కీలన్నింటినీ ఒక సర్వర్‌లో పెట్టి, వేరే కస్టమర్లకు తక్కువ ధరకు అమ్ముతారు. ఆ కస్టమర్లు అడిగే ప్రతి ప్రశ్నా మీ కీ మీదుగానే వెళ్తుంది. కంపెనీ రికార్డులో కనిపించేది మీ పేరే. అడిగింది ఎవరో, ఏం అడిగారో మీకు తెలియదు.

కంపెనీల నిబంధనలు ఏం చెబుతున్నాయి?

ఓపెన్ఏఐ నిబంధనల ప్రకారం ఏపీఐ కీలను కొనడం, అమ్మడం, బదిలీ చేయడం కుదరదు. ఆంత్రోపిక్ కూడా తన అనుమతి లేకుండా సేవను తిరిగి అమ్మడాన్ని అంగీకరించదు. అమెజాన్ క్లౌడ్ విభాగం ఏడబ్ల్యూఎస్ ఇచ్చే ప్రమోషన్ క్రెడిట్లను అమ్మడానికి, అద్దెకివ్వడానికి వీల్లేదు. విద్యార్థులకు, కొత్త ఖాతాలకు ఉచితంగా వచ్చే క్రెడిట్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అవి మీరు కొన్నవి కావు, మీ వాడకం కోసం ఇచ్చినవి.

నష్టం 14 డాలర్లతో ఆగుతుందా?

ఆగకపోవచ్చు. ప్రధానంగా నాలుగు ప్రమాదాలున్నాయి.

1. ఆటో రీచార్జ్: ఇది ఆన్‌లో ఉంటే, నిల్వ తగ్గగానే మీ కార్డు నుంచి మళ్లీ డబ్బు పోతుంది. ఆర్‌బీఐ ఈ-మ్యాండేట్ నిబంధనల ప్రకారం ఒకసారి అనుమతి ఇచ్చాక రూ.15,000 వరకు పునరావృత చెల్లింపులకు ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు. అంటే ఓటీపీ రాలేదు కాబట్టి డబ్బు పోలేదని అనుకోలేం.

2. ఖాతా రద్దు: ఆ కీతో ఎవరైనా మోసపు మెసేజ్‌లు రాయించినా, నిషేధిత కంటెంట్ తయారు చేయించినా కంపెనీ చర్య తీసుకునేది మీ ఖాతాపైనే. రేపు ఉద్యోగంలో అదే సేవ వాడాల్సి వస్తే ఇబ్బంది పడేదీ మీరే.

3. బ్యాంకు ఖాతా: మీకు యూపీఐలో వచ్చిన డబ్బు ఎక్కడిదో మీకు తెలియదు. అది ఏదైనా సైబర్ మోసంలో కొట్టేసిన సొమ్మయితే, బాధితుడు ఫిర్యాదు చేశాక ఆ డబ్బు ఏయే ఖాతాలు దాటిందో పోలీసులు చూస్తారు. దారిలో ఉన్న మీ ఖాతాలోనూ డబ్బు స్తంభించిపోవచ్చు. కొన్ని వందల రూపాయల కోసం జీతం పడే ఖాతాకే ఎసరొస్తుంది. చెల్లింపు క్రిప్టోలో అంటే మరో చిక్కు. దానిపై వచ్చే లాభానికి 30 శాతం పన్ను ఉంటుంది.

4. చట్టం: సొంత కీని ఇవ్వడం ప్రధానంగా కంపెనీతో ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. కానీ ఆఫీసు కీనో, స్నేహితుడి కీనో అమ్మితే కథ వేరు. ఇతరుల పాస్‌వర్డ్‌ను, గుర్తింపు వివరాలను మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 2000లోని 66సీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఇలాంటి కేసులు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. 2024 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ అమెరికాలోని వర్జీనియా కోర్టులో ఒక దావా వేసింది. కొట్టేసిన ఏపీఐ కీలతో తన అజూర్ ఓపెన్ఏఐ సేవలోకి చొరబడి, ఆ సౌకర్యాన్ని ఇతరులకు అమ్మారన్నది ఆరోపణ. కొన్నవాళ్లు దానితో అశ్లీల చిత్రాలు కూడా తయారు చేశారని కంపెనీ చెప్పింది. ఆ కీలు దొంగిలించినవి, మీరిచ్చేది ఇష్టపడి ఇచ్చింది. కానీ అవతలివైపు వ్యాపారం నడిచే తీరు ఒక్కటే.

అధికారికంగా అమ్ముకునే దారి ఏదీ లేదా?

క్లౌడ్ రంగంలో ఒకటుంది, కానీ అది క్రెడిట్లకు కాదు. ఏడాదికో, మూడేళ్లకో ముందే బుక్ చేసుకున్న సర్వర్ సామర్థ్యాన్ని వాడకపోతే, ఏడబ్ల్యూఎస్ సొంత మార్కెట్‌ప్లేస్‌లో ఇతరులకు అమ్ముకోవచ్చు. కంపెనీ 12 శాతం ఫీజు తీసుకుంటుంది. అయితే అమ్మేవాళ్లకు అమెరికా బ్యాంకు ఖాతా ఉండాలి. ఏడబ్ల్యూఎస్ ఇండియా కస్టమర్లకైతే అమెరికా ఖాతా ఉన్నా అమ్మే వీలు లేదు.

మరి ఆ క్రెడిట్లతో ఏం చేయొచ్చు?

కీని అమ్మకూడదు కానీ, కీతో చేసిన పనిని అమ్మొచ్చు. ఏపీఐ ఉన్నదే అందుకు. యూట్యూబ్ చానల్‌కు తెలుగు సబ్‌టైటిల్స్ సిద్ధం చేసివ్వడం, కిరాణా హోల్‌సేలర్ బిల్లుల ఫొటోలను ఎక్సెల్‌లోకి మార్చివ్వడం, కోచింగ్ సెంటర్‌కు ప్రాక్టీస్ ప్రశ్నలు తయారు చేయడం లాంటివి. 14 డాలర్ల క్రెడిట్‌తో వందల పేజీల పని అవుతుంది. కీ మీ దగ్గరే ఉంటుంది, ఏం అడిగారో మీకు తెలుస్తుంది. ఫలితాన్ని సరిచూసి ఇవ్వడమే మీ కష్టం, దానికే మీ రేటు. ఈ ఆదాయాన్ని పన్ను లెక్కల్లో చూపాలి.

తొందర లేని పనైతే బ్యాచ్ పద్ధతిలో పంపండి. ఓపెన్ఏఐ, ఆంత్రోపిక్ రెండూ దీనికి సగం ధరే తీసుకుంటాయి. ఒకే ప్రాజెక్టు చేస్తున్న మిత్రులైతే ఒకే సంస్థ ఖాతాలో సభ్యులుగా చేరి, తలా ఒక కీ తీసుకోవచ్చు. ఎవరు ఎంత వాడారో విడిగా కనిపిస్తుంది.

ఇక కొనేటప్పుడే 5 డాలర్లతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి పెంచుకుంటే మిగిలే సమస్యే ఉండదు.

ఇప్పటికే కీ ఇచ్చేసి ఉంటే?

• ఖాతాలోకి వెళ్లి ఆ కీని వెంటనే డిలీట్ చేయండి. పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల భద్రత ఆన్ చేయండి.
• ఆటో రీచార్జ్ ఆపండి. బ్యాంకు యాప్‌లో ఈ-మ్యాండేట్‌ను కూడా రద్దు చేయండి.
• వాడకం పేజీని, ఆఫర్ ఇచ్చినవాళ్ల చాట్‌లను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.
• కంపెనీ సపోర్ట్‌కు జరిగింది జరిగినట్టు రాయండి.
• డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.