డ్యూయీ క్లాసు నుంచి అమలాపురం చార్టు దాకా

కోనసీమ విడిగా జిల్లా అయింది 2022లో. ఆ ఏడే దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. అప్పట్నుంచి ఇక్కడి బడిపిల్లల ప్రాజెక్టు రికార్డుల అట్టమీద పేరు, తరగతి, బడి రాశాక ‘డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా’ అని కూడా రాయాల్సి వస్తోంది. ఒక లైనులో పట్టదు, రెండో లైనులోకి జారుతుంది. ఆ పేరుకీ ఆ రికార్డుకీ దగ్గర చుట్టరికం ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు.

అంబేద్కర్ 1913 నుంచి 1916 దాకా న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడ ఆయనకు పాఠాలు చెప్పినవాళ్లలో జాన్ డ్యూయీ ఒకరు. పిల్లలు పని చేస్తూ నేర్చుకోవాలన్న వాదానికి ఆధునిక కాలంలో పెద్దదిక్కు ఆయనే. అదే రోజుల్లో 120వ వీధి దాటితే టీచర్స్ కాలేజీ. ఆ వీధిని ప్రపంచంలోకెల్లా వెడల్పైన వీధి అని వేళాకోళం చేసేవారు, ఇటువాళ్లు అటువాళ్ల గుమ్మం తొక్కరని. అటువైపు పనిచేస్తున్న విలియం కిల్‌పాట్రిక్ కూడా డ్యూయీ శిష్యుడే. 1918 సెప్టెంబరులో ఆయన ‘ప్రాజెక్టు పద్ధతి’ అన్న వ్యాసం అచ్చువేశారు. అది ఎంత పాకిపోయిందంటే, ఆయన క్లాసులకు ఎగబడే విద్యార్థుల ఫీజులు చూసి ‘మిలియన్ డాలర్ల ప్రొఫెసర్’ అని పేరుపెట్టారు. మన డీఎస్సీ గైడుల్లో ఇప్పటికీ ఆయన ఒక బిట్టు: ప్రాజెక్టు పద్ధతి రూపకర్త ఎవరు? ఎ, బి, సి, డి. బట్టీ మీద యుద్ధం ప్రకటించిన మనిషిని మనవాళ్లు చక్కగా బట్టీ పట్టేశారు.

జిల్లాకు పేరిచ్చిన మనిషీ, ఆ జిల్లా పిల్లల రికార్డుకు దారివేసిన మనిషీ ఒకే గురువు దగ్గర చదివారన్నమాట. డ్యూయీ మీద అంబేద్కర్‌కున్న గౌరవం చివరిదాకా తగ్గలేదు. 1952 జూన్‌లో కొలంబియా ఇచ్చే గౌరవ డాక్టరేటు అందుకోవడానికి వెళ్తూ గురువుగారిని కలవాలని ఆశపడ్డారు. జూన్ 1న డ్యూయీ కన్నుమూశారు. పట్టా ఇచ్చింది జూన్ 5న.

అంబేద్కర్ ఆ గురువు దగ్గర నేర్చుకున్నది బోధనా పద్ధతి కాదు. మనుషులు గదులు గదులుగా విడిపోయి బతికితే, ఒక గదిలో పుట్టిన అనుభవం ఇంకో గదిలోకి ఇంకకపోతే, అది ప్రజాస్వామ్యం కాదన్న ఆలోచన. డ్యూయీకి బడి కూడా ఈ లెక్కలోదే. వేరువేరు ఇళ్లనుంచి వచ్చిన పిల్లలు ఒకే పని మీద తలలు దగ్గరపెట్టి కూర్చోవాలి. ప్రాజెక్టు అసలు సంగతి ఇదేనని నేననుకుంటాను. చార్టులు, థర్మోకోలు తర్వాతి తతంగం.

1896లో షికాగోలో డ్యూయీ పెట్టిన ప్రయోగశాల బడిలో జరిగినది చూడండి. పిల్లల చేతికి పత్తికాయలిచ్చి, గింజల నుంచి పత్తిని వేరుచేయమన్నారు. అరగంట కష్టపడితే ఔన్సు కూడా రాలేదు. అప్పుడు వాళ్లకే తట్టింది, గింజ తీసే యంత్రం రాకముందు వాళ్ల పూర్వీకులు నూలు గుడ్డ మానేసి ఉన్ని ఎందుకు కట్టుకున్నారో. చరిత్ర, భూగోళం, యంత్రశాస్త్రం మూడూ ఆ అరగంటలో వచ్చేశాయి.

దీనికో బంధువు మాసచుసెట్స్‌లో ఉంది. రూఫస్ స్టిమ్సన్ అనే ఆయన వ్యవసాయ కళాశాలకు అధ్యక్షుడిగా ఉంటూ, 1908లో ఆ పదవి వదిలేసి నార్తాంప్టన్‌లో ఒక వ్యవసాయ హైస్కూలుకు వచ్చి చేరారు. అక్కడ కుర్రాళ్ల ‘హోంవర్కు’ పుస్తకంలో ఉండదు, ఇంటి దగ్గర పొలంలో, పశువుల కొట్టంలో ఉంటుంది. ఖర్చెంత, రాబడెంత అని పద్దు రాయాలి. మాస్టారు ఇంటికొచ్చి చూసి దిద్దుతారు. మన వైపు హోంవర్కు కింద దూడను సాకమంటే ఎంతమంది తండ్రులు బడిమీదకు దండయాత్రకొస్తారో!

ఇంకా వెనక్కి పోతే 16వ శతాబ్దం చివరి రోములో కళాకారుల అకాడమీ తేలుతుంది. ఎప్పటికీ కట్టబోని చర్చీలకూ భవనాలకూ కుర్రాళ్లు పోటీలుపడి నమూనాలు గీసేవారు. ప్రాజెక్టు అన్న పేరు బడిలోకి అడుగుపెట్టింది అక్కడే అంటారు. కాగితం మీదే పుట్టి కాగితం మీదే ముగిసే ప్రాజెక్టుకు నాలుగు వందల ఏళ్ల వంశవృక్షం ఉందన్నమాట. మన చార్టులు ఈ శాఖకు చెందినవే.

సరే, మన దేశానికి వద్దాం. ఇక్కడ నాకు కాస్త పక్షపాతం ఉంది.

1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో గాంధీజీ ఒక సభ పెట్టారు. ఏదైనా చేతిపని చుట్టూ చదువంతా అల్లాలన్నది ఆయన మాట. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన కమిటీ వేశారు, డిసెంబరుకల్లా నివేదిక వచ్చేసింది. జాకీర్ హుస్సేన్ బెర్లిన్‌లో చదివినవారు. పిల్లలచేత గోరింకకు చెక్క గూడు కట్టించి ఆ పనిలోనే బుద్ధి పదునెక్కుతుందని చూపించిన జర్మన్ విద్యావేత్త కెర్షెన్‌స్టైనర్ ప్రభావం ఆయనమీద ఉంది. కమిటీ వేసిన టైంటేబులు చూస్తే కళ్లు తిరుగుతాయి. బడి ఐదున్నర గంటలు. అందులో చేతిపనికే 3 గంటల 20 నిమిషాలు. మాతృభాషకు 40 నిమిషాలు. సంగీతం, బొమ్మలు, లెక్కలు అన్నీ కలిపి ఇంకో 40.

లెక్కలకు అంత తక్కువా అని నోరు నొక్కుకోనక్కర్లేదు. లెక్కలు నూలు వడికే తకిలీలోనే ఉన్నాయి. ఏకు నుంచి పోగు లాగి, తకిలీని తొడమీద దొర్లించి వదిలితే అది గిరగిర తిరుగుతూ పురి పెడుతుంది. పురి తక్కువైతే పోగు విడిపోతుంది, ఎక్కువైతే మెలికపడి తెగుతుంది. ఆ నూలు ఎన్నో నంబరో తేల్చాలంటే పొడవూ బరువూ తీయాలి. మిల్లు లెక్కలో చిలప అంటే 840 గజాలు, పౌనుకు ఎన్ని చిలపలొస్తే అన్ని కౌంటు. ఇరవై కౌంటు నూలు పౌను ఉందంటే 16,800 గజాలు. ‘రాము దగ్గర పన్నెండు మామిడిపళ్లు ఉన్నవి’ అనే లెక్క కాదిది. తేడా వస్తే మగ్గం మీద చీర చెప్పేస్తుంది. బండారులంక నేతవారి ఇళ్లల్లో పిల్లలు కౌంటు అన్నమాట వింటూనే పెరుగుతారు. వాళ్లకు తెలిసినది బడిలో పాఠమై, పక్క పిల్లాడు వాళ్లను అడిగి తెలుసుకోవాల్సి వచ్చే రోజు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నా పేచీ ఒక్కటే. కోనసీమ పత్తి నేల కాదు, కొబ్బరి నేల. ఒడకడమే చేయాలని కమిటీ ఏమీ పట్టుబట్టలేదు. వడ్రంగం, వ్యవసాయం, తోటపని, తోలుపని, లేదా ఆ ప్రాంతానికి తగిన ఏ పనైనా సరే అంది. అంబాజీపేట మార్కెట్లో గండేరా, గటగట అని కురిడీ రకాలు విడదీయడం, వెయ్యి కాయల ధర కట్టడం, డొక్కల్లోంచి పీచు తీసి తాడు పేనడం, ఇవన్నీ ఐదేళ్ల సిలబస్‌కు సరిపడా సరుకు.

ఈ కథలో ఒక దారితప్పిన దాయాది ఉంది. 1953 జూన్‌లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ పల్లెటూరి బడుల కోసం ఒక పథకం తెచ్చారు. రోజుకు మూడు గంటలే చదువు. మిగతా పూట పిల్లాడు ఇంటిదగ్గర తండ్రి పని నేర్చుకోవాలి. అప్పటికి కోనసీమ ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది, ఆంధ్ర వేరుపడింది అక్టోబరు 1న. కులవృత్తి చదువని జనం దుమ్మెత్తిపోశారు. 1954లో రాజాజీ గద్దె దిగారు, పథకమూ పోయింది. పైకి చూస్తే వార్ధాకూ దీనికీ తేడా లేనట్టే ఉంటుంది, రెండింట్లోనూ చేతిపనే. కానీ కుమ్మరి పిల్లాడు తండ్రి దగ్గర కుండ చేయడం వేరు, కుమ్మరి పిల్లాడూ కరణంగారి పిల్లాడూ ఒకే బల్ల దగ్గర కుండ చేయడం వేరు. మొదటిది గదికి తలుపు వేయడం. అంబేద్కర్ కొలంబియాలో విన్నది రెండోదాని సంగతి.

తర్వాత వార్ధాలో పుట్టిన ఈ చదువు, అంటే బేసిక్ విద్య, నెమ్మదిగా మూలపడింది. తకిలీ పీరియడు సుద్దముక్కకు తలవంచింది. బయట మాత్రం 1969లో కెనడాలో మెక్‌మాస్టర్ వైద్య కళాశాల పాఠం బదులు రోగి సమస్యనే ముందుపెట్టి కొత్త దారి తెరిచింది. సమస్యాధారిత అభ్యసనం అని ఇప్పుడు శిక్షణల్లో చెప్పేది దాని సంతతే. ఇక్కడ 1980ల్లో బ్రిటిష్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపీఈపీ) వచ్చింది. పిల్లలచేత చేయించండి, చేసినవి గోడలకు పెట్టండి, పరిసరాలను వాడుకోండి అని పంతుళ్లకు శిక్షణలిచ్చారు. కొన్నేళ్లు బడిగోడలు కళకళలాడాయి.

ఇక మార్కులు ప్రవేశించాయి. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక పాఠ్యపుస్తకాల్లో ప్రతి పాఠం చివరా ‘ప్రాజెక్టు పని’ చేరింది. పదో తరగతిలో బడిలోనే వేసే 20 మార్కుల్లో దానికీ వాటా దక్కింది. మార్కులున్న చోట దుకాణం వెలుస్తుంది. జూన్ దాటాక అమలాపురం స్టేషనరీ షాపుల గుమ్మానికి వేలాడే చార్టులు చూడండి: సౌర కుటుంబం, నీటి చక్రం, జీర్ణవ్యవస్థ. ‘సెవెంతుకి కాలుష్యం ఉందాండీ?’ అని అమ్మ అడుగుతుంది. ‘వాయువా, జలమా అమ్మా?’ అని షాపాయన. ఇంట్లో పేరు రాసి, స్కెచ్చు పెన్నుతో అంచు గీసి పంపితే ఐదుకు ఐదు. ఆ షాపు వెనకే పంట కాలువలో ప్లాస్టిక్ సంచులు తేలుతుంటాయి. కాలుష్యం చార్టు కొన్న పిల్లాడు ఆ వంతెన మీదుగానే ఇంటికి పోతాడు. ఆంధ్రప్రదేశ్ 2019లో పదో తరగతికి ఆ మార్కులు ఎత్తేసింది. చార్టులు మాత్రం ఎక్కడికీ పోలేదు.

పోయింది చార్టు చుట్టూ మూగే నలుగురు. కొనుక్కొచ్చిన ప్రాజెక్టుకు జట్టు అక్కర్లేదు. పేట పిల్లా, అగ్రహారం పిల్లాడూ ఒకరి ఇంటికొకరు వెళ్లాల్సిన పని అంతకన్నా లేదు.

అసలు సరుకు దొరికే చోటు ఇంకా ఒకటుంది. 1993 నుంచి దేశమంతటా జరుగుతున్న బాలల సైన్స్ కాంగ్రెస్. పిల్లలు జట్టుగా తమ ఊరి సమస్య ఒకటి తీసుకుని, తిరిగి, కొలిచి, లెక్కగట్టి, పెద్దల ముందు నిలబడి చెప్పాలి. కోనసీమకు సమస్యల కరువా? 2011లో ఇక్కడి వరి రైతులు ఖరీఫ్‌కు పంట విరామం ప్రకటించారు. పూడిపోయిన మురుగు కాలువలెన్ని, ఎకరా పెట్టుబడెంత, మద్దతు ధరెంత అని ఇంటింటికీ తిరిగి అడిగితే తొమ్మిదో తరగతి అర్థశాస్త్రం అంతా చేతికొస్తుంది. కొబ్బరాకు అడుగున సర్పిలాకార తెల్లదోమ పెట్టే గుడ్ల వలయాలు లెక్కపెట్టడానికి భూతద్దం చాలు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం దానిమీద వదలడానికి మిత్ర పురుగులను పెంచుతోంది. అమలాపురం నుంచి బస్సెక్కితే ఎంతో దూరం కాదు.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు పది రోజులు సంచి లేకుండా వడ్రంగుల దగ్గర, తోటమాలుల దగ్గర, కుమ్మరుల దగ్గర పని నేర్చుకోమంది. ఆ జాబితాలో మనం కొబ్బరి దింపు కార్మికుణ్ణి చేర్చుకోవచ్చు. చెట్టుకు ఎంత తీసుకుంటాడు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎన్ని ఎక్కుతాడు, వానాకాలంలో ఆ లెక్క ఎందుకు పడిపోతుంది, కొడుకును ఈ పనిలోకి ఎందుకు రానివ్వడు? అడగాల్సింది మాత్రం అతని కొడుకు ఒక్కడే కాదు, క్లాసు మొత్తం.