అజర్‌బైజాన్ లిపి సమస్య

లిపి కేవలం ఒక పనిముట్టు అనీ, పాతబడితే మార్చుకోవడమే పురోగమనమనీ నేను చాలాకాలం నమ్మాను. అజర్‌బైజాన్ చరిత్ర చదివిన తరువాత ఆ నమ్మకాన్ని కొంత సవరించుకోవలసివచ్చింది.

అజర్‌బైజానీ తురుష్క కుటుంబానికి చెందిన భాష. అందులో అచ్చులు తొమ్మిది. శతాబ్దాల తరబడి వాడిన అరబ్బీ లిపి వాటికి చాలదు. నాలుగు వేర్వేరు అచ్చులకు 'వావ్' అనే ఒక్క అక్షరమే దిక్కు. మాట ముందే తెలిసినవాడికిగాని చదవడం సాధ్యం కాదు. చదువు కొద్దిమంది సొత్తుగా మిగిలిపోవడానికి ఇదీ ఒక కారణమే. నాటకకర్త మీర్జా ఫతాలీ అఖుందోవ్ 1857లోనే సంస్కరణ ప్రతిపాదించాడు. 1863లో ఇస్తాంబుల్ వెళ్ళి అక్కడి పండితుల ముందు పెట్టాడు. వారు మెచ్చుకున్నారుగాని అమలు జరగలేదు. సామాన్యుని అక్షరాస్యత పాలకవర్గాలకు ఎన్నడూ తొందరపనిగా కనిపించదు.

సోవియట్ అధికారం వచ్చాక, 1922లో కొత్త లిపి సంఘం ఏర్పడింది. 1926లో బాకూలో సమావేశమైన తురుష్క భాషావేత్తల మహాసభ, తీవ్ర వాదోపవాదాల తరువాత, లాటిన్ లిపిని బలపరిచింది. 1929 జనవరి 1 నుంచి అదే ఏకైక లిపి అయింది. ఇది అభ్యుదయ చర్య అనడానికి నాకు సందేహం లేదు.

కాని పదకొండేళ్ళకే, 1940 జనవరి 1న, సిరిలిక్ లిపి వచ్చింది. ఈసారి వాదోపవాదాలకు తావేలేదు. 1926 మహాసభలో ప్రముఖ పాత్ర వహించిన పండితుడు బెకిర్ చోబాన్‌జాదేని 1937లోనే కాల్చిచంపారు. వామపక్షీయులమైన మనం ఈ విషయాన్ని దాటవేయరాదు. సిరిలిక్‌లో లక్షలాదిమంది చదువుకున్నారన్నది నిజం. వారి సమ్మతి ఎవరూ అడగలేదన్నదీ నిజమే.

స్వాతంత్ర్యానంతరం 1991 డిసెంబరులో చట్టం లాటిన్ లిపిని పునరుద్ధరించింది. 2001 ఆగస్టు 1 నుంచి అది పూర్తిగా అమలులోకి వచ్చింది. అంటే 72 ఏళ్ళలో మూడు మార్పులు. తాత రాసిపెట్టిన ఉత్తరం మనుమడికి ఉట్టి గీతలు, చుక్కలు. అరస్ నదికి ఆవల ఇరాన్‌లో అదే భాషను నేటికీ అరబ్బీ లిపిలోనే రాస్తున్నారు. కనుక ఏటి ఇవతలి పుస్తకం అవతలివాడికి చదవరాదు.

లిపి ప్రజలకు సులభంగా వుందా అనే ప్రశ్న అవసరమైనదే. దాన్ని మార్చే నిర్ణయంలో ఆ ప్రజలకు పాలు వున్నదా అనే ప్రశ్న అంతకు తక్కువది కాదు. మొదటి ప్రశ్న వేసి రెండవది మరచిన సంస్కరణ, ఒక తరానికి చదువు నేర్పుతూనే మరొక తరాన్ని నిరక్షరాస్యులను చేస్తుంది.